మెడ మీద పతకం, కాగితంలో ఖాళీ: అమెరికా మాజీ సైనికుల రికార్డుల చిక్కుముడి

ప్రభుత్వ ఉద్యోగులున్న ఇళ్లలో 'ఎస్‌ఆర్' అన్న మాట వినని వాళ్లుండరు. సర్వీస్ రిజిస్టర్. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారికైనా, ఎస్‌ఆర్‌లో ఒక్క ఎంట్రీ పడలేదని రిటైరయ్యే ముందు తెలిస్తే ఆ టెన్షన్ ఇంతా అంతా కాదు. అక్కడ 'పని చేశారా' అని ఎవరూ అడగరు. 'రాసి ఉందా' అని అడుగుతారు.

అమెరికా మాజీ సైనికులకు అలాంటి కాగితం డీడీ-214. యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి చనిపోయాక పిల్లలు పెట్టె తెరుస్తారు. అందులో ఓ పతకం కనిపిస్తుంది, కాగితంలో దాని ఊసే ఉండదు. కొన్నిసార్లు ఇది తిరగబడుతుంది. కాగితంలో పతకం పేరుంటుంది, పతకం మాత్రం ఎప్పుడూ ఇంటికి రాలేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఇప్పుడు అక్కడి సైన్యంలో పనిచేస్తున్నారు. 2009 నుంచి కొన్నేళ్లపాటు నడిచిన 'మావ్నీ' పథకంలో, కొన్ని భాషలు తెలిసినవాళ్లు, వైద్య వృత్తిలో ఉన్నవాళ్లు వీసా మీద ఉండగానే అక్కడి సైన్యంలో చేరగలిగారు. అందుకని ఇది మనకు పూర్తిగా పరాయి విషయమేమీ కాదు.

చూడడానికి ఇది గుమస్తా చేసిన తప్పును దిద్దించుకునే పనిలాగే ఉంటుంది. లోపలికి వెళ్తే మాత్రం 'పతకం లేదు' అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సమస్యలు బయటపడతాయి. మూడింటికీ దారులు వేరు, అడిగే రుజువులూ వేరు. ఏళ్ల తరబడి తిరిగి అలసిపోయినవాళ్లలో చాలామంది ఒక సమస్యకు ఇంకో సమస్య తలుపు తట్టినవాళ్లే.

13వ గడి

సైన్యం నుంచి విడుదలయ్యే రోజున ఇచ్చే ధ్రువపత్రమే డీడీ-214. 1950 నుంచి ఇది వాడుకలో ఉంది. అంతకుముందు, రెండో ప్రపంచ యుద్ధపు ఆర్మీ సిపాయిలకు వేరే ఫారాలు ఉండేవి. ఎప్పుడు చేరారు, ఎప్పుడు విడుదలయ్యారు, ఏ పని చేశారు, ఎలాంటి డిశ్చార్జి వచ్చింది, ఇవన్నీ గడుల్లో నింపుతారు. ఇప్పటి ఫారంలో 13వ గడి పతకాలకు, బ్యాడ్జీలకు, ప్రశంసలకు, క్యాంపెయిన్ (యుద్ధంలో ఒక్కో దశ) రిబ్బన్లకు కేటాయించింది.

గడి చిన్నది. నింపేది ఓ గుమస్తా. విడుదలయ్యే సైనికుడి మనసంతా ఇంటి మీదే ఉంటుంది. సంతకం పెట్టమన్న చోట పెట్టి బయటపడతాడు. వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లలో కొందరు విమానం దిగిన ఒకటి రెండు రోజుల్లోనే మామూలు బట్టల్లోకి మారిపోయారు. వాళ్ల యూనిట్ జారీ చేసిన పతకం ఉత్తర్వు ఆ తర్వాత ఎప్పుడో తయారైంది. అప్పటికే ఆ మనిషి ఫైలు మూసేశారు.

పతకాలన్నీ ఒకే దారిలో రావు

ఈ తేడా తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

ఫలానా కాలంలో ఫలానా చోట పనిచేస్తే చాలు, హక్కుగా వచ్చేవి కొన్ని. క్యాంపెయిన్ పతకాలు, సర్వీస్ పతకాలు ఈ కోవలోవే. వియత్నాం సర్వీస్ మెడల్‌కు ఎవరి సిఫారసూ అక్కర్లేదు. అక్కడ ఉన్నట్టు రికార్డు ఉంటే సరిపోతుంది. ఆ రిబ్బన్ మీద ఒక్కో క్యాంపెయిన్‌కు ఒక్కో చిన్న కంచు నక్షత్రం పెడతారు. 13వ గడిలో తరచుగా జారిపోయేవి ఈ నక్షత్రాలే.

రెండో రకం యూనిట్‌కు ఇచ్చేవి. దళం మొత్తానికి గౌరవం వస్తే, ఆ సమయంలో దళంలో ఉన్నవాళ్లందరికీ అది సొంతమవుతుంది.

పర్పుల్ హార్ట్‌ది మరో దారి. శత్రువు చర్య వల్ల గాయపడినవాళ్లకు, చనిపోయినవాళ్లకు ఇచ్చే పతకం ఇది. దీన్ని ఎవరూ మెచ్చి ఇవ్వరు. నిబంధనలకు సరిపడే గాయమైతే ఇచ్చి తీరాలి. అయితే గాయం శత్రువు వల్లే అయిందని, దానికి వైద్యం అవసరమైందని, ఆ వైద్యం అధికారిక రికార్డుకెక్కిందని తేలాలి. చిక్కంతా ఈ మూడో షరతు దగ్గరే వస్తుంది.

ఇక సాహసానికి, విశిష్ట సేవకు ఇచ్చేవి: బ్రాంజ్ స్టార్, సిల్వర్ స్టార్, డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్, అన్నిటికీ పైన మెడల్ ఆఫ్ ఆనర్. వీటికి కళ్లారా చూసినవాళ్లు సిఫారసు రాయాలి, అధికారం ఉన్నవారు ఆమోదించాలి, ఉత్తర్వు వెలువడాలి. ఉత్తర్వు లేకపోతే పతకం లేనట్టే. ఎంత ధైర్యం చూపాడన్నది వేరే సంగతి.

రాసిన రోజున సరైన కాగితమే

పతకం కనపడకపోతే గుమస్తా నిర్లక్ష్యమే కారణమని కుటుంబాలు అనుకుంటాయి. నిజానికి చాలా కాగితాలు రాసిన రోజున అక్షరాలా సరైనవే. తర్వాత నిబంధన మారింది, కాగితం మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో పోరాడిన ఓ పదాతి సైనికుడిని ఊహించుకుందాం. 1944లో అతనికి కంబాట్ ఇన్‌ఫాంట్రీమ్యాన్ బ్యాడ్జి వచ్చింది. 1945 నవంబరులో విడుదలయ్యాడు. కాగితంలో బ్యాడ్జి ఉంది, బ్రాంజ్ స్టార్ లేదు. అది సరైనదే, అప్పటికి అతనికి అది రాలేదు కదా. 1947లో ఆర్మీ కొత్త విధానం తెచ్చింది. 1941 డిసెంబరు 7 నుంచి 1945 సెప్టెంబరు 2 లోపు ఆ బ్యాడ్జి గానీ, యుద్ధభూమిలో పనిచేసిన వైద్య సిబ్బందికిచ్చే కంబాట్ మెడికల్ బ్యాడ్జి గానీ సంపాదించినవాళ్లు బ్రాంజ్ స్టార్‌కు అర్హులంది. అప్పటికి మన సైనికుడు ఏ పొలంలోనో, ఏ ఫ్యాక్టరీలోనో ఉన్నాడు. తనకో పతకం బాకీ ఉందని అతనికి చెప్పినవాళ్లు లేరు. మనవరాలు ఇప్పుడు అడిగితే, బ్యాడ్జి ఉన్న ఆ పాత కాగితమే ఆమె చేతిలోని ప్రధాన రుజువు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. వియత్నాంలో పనిచేసిన ఆర్మీ యూనిట్లకు దక్షిణ వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన గ్యాలెంట్రీ క్రాస్ యూనిట్ గౌరవాన్ని, అక్కడి ఆర్మీ దళాలన్నిటికీ వర్తించేలా 1974 నాటి జనరల్ ఆర్డర్ నంబర్ 8 ఖాయం చేసింది. 1970లో విడుదలైనవాళ్ల కాగితంలో అది ఎలా ఉంటుంది? యుద్ధఖైదీల పతకాన్ని 1985లో చట్టం చేసి, 1917 ఏప్రిల్ 5 తర్వాత శత్రువుకు బందీలైనవాళ్లకు వర్తింపజేశారు. కొరియా డిఫెన్స్ సర్వీస్ మెడల్‌కు 2002లో చట్టం వచ్చింది. అది 1954 జులై 28 నుంచి అక్కడ పనిచేసినవాళ్లకు వర్తిస్తుంది. అంటే దాదాపు అరవై, డెబ్బై ఏళ్ల కిందటి సేవకు ఈ మధ్య పుట్టిన పతకం వచ్చి చేరుతుందన్నమాట.

సెయింట్ లూయిస్ మంటలు

మాజీ సైనికుల ఫైళ్లుండేది మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ దగ్గరి నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌లో. 1973 జులై 12న అర్ధరాత్రి దాటాక ఆ భవనం ఆరో అంతస్తులో మంటలు లేచాయి. అక్కడ నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. మంటలు పూర్తిగా ఆరడానికి నాలుగు రోజులు దాటింది.

కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల ఫైళ్లు పోయాయని అంచనా. 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 వరకు ఆర్మీ నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లలో 80 శాతం కాలిపోయాయి. ఎయిర్‌ఫోర్స్ సంగతి విచిత్రంగా ఉంటుంది. 1947 సెప్టెంబరు 25 నుంచి 1964 జనవరి 1 మధ్య విడుదలైనవాళ్లలో, అక్షరక్రమంలో హబ్బర్డ్, జేమ్స్ ఇ. అన్న పేరు తర్వాత వచ్చేవాళ్ల ఫైళ్లలో 75 శాతం పోయాయి. ఇంటిపేరు 'ఏ'తో మొదలైనవాడి చరిత్ర మిగిలింది, 'ఎస్'తో మొదలైనవాడిది బూడిదైంది. నేవీ, మెరైన్ల ఫైళ్లు బతికిపోయాయి.

ఈ ఫైళ్లకు నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, ఏవి కాలిపోయాయో చెప్పే జాబితా కూడా లేదు. మంట తినేయగా మిగిలినవాటిని నీళ్లు తడిపేశాయి. తడిసిన కాగితాలను అంతరిక్ష పరీక్షల కోసం కట్టిన, గాలి తీసేసే వాక్యూమ్ గదుల్లో పెట్టి ఆరబెట్టారు. అలా సుమారు 65 లక్షల రికార్డులు దక్కాయి. అంచులు మాడిన ఆ ఫైళ్లను ఇప్పటికీ విడిగా, ప్రత్యేక గదుల్లో ఉంచుతున్నారు.

ఫైలు కాలిపోయిందంటే కథ అక్కడితో ముగిసిందని కాదు. మనిషి జాడ వేరే కాగితాల్లోనూ పడుతుంది. కంపెనీలో ఆ రోజు ఎవరు చేరారు, ఎవరు ఆసుపత్రికి వెళ్లారు అని రాసే మార్నింగ్ రిపోర్టులు ఉంటాయి. చివరి జీతం వోచర్లు ఉంటాయి. యూనిట్ జనరల్ ఆర్డర్లు మేరీలాండ్ రాష్ట్రంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. 1942 నుంచి 45, 1950 నుంచి 54 మధ్య ఆసుపత్రిలో చేరినవాళ్ల వివరాలున్న కంప్యూటర్ టేపులు ఎక్కడో మూలన పడి ఉండి, 1988లో ఆర్కైవ్స్‌కు చేరాయి. పర్పుల్ హార్ట్ కోసం వెతికేవాళ్లకు అవి పెన్నిధే. కాకపోతే వాటిలో పేర్లు లేవు, సర్వీస్ నంబర్లే ఉన్నాయి. తాతగారి నంబరు తెలియనివాళ్లకు ఆ నిధి తాళం తెరుచుకోదు.

మూడు ముడులు

ఇప్పుడు మొదట చెప్పిన మూడు సమస్యలను విడదీయవచ్చు.

మొదటిది: పతకం ఇచ్చారు, కాగితంలో రాయలేదు. ఉత్తర్వు ఉంది లేదా ఉండే అవకాశముంది, 13వ గడి ఖాళీగా ఉంది. హక్కుగా వచ్చే పతకాలూ ఈ లెక్కలోకే వస్తాయి. ఇది కార్యాలయంలో తేలిపోయే పని. ఎస్‌ఎఫ్-180 అనే ఫారంతో గానీ, ఆన్‌లైన్‌లో గానీ రికార్డ్స్ సెంటర్‌కు అర్జీ వెళ్తుంది. చిక్కు ఉన్నవి ఆయా దళాల కార్యాలయాలకు చేరతాయి. ఆర్మీది కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో, నేవీది టెనెసీలోని మిల్లింగ్టన్‌లో ఉంది. అక్కడ ఫైలును ఉత్తర్వుతో సరిచూస్తారు. సైనికుడు బతికి లేకపోతే భార్య లేదా భర్త (మళ్లీ పెళ్లి చేసుకోకుంటే), పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు అడగవచ్చు. విడుదలై 62 ఏళ్లు దాటిన ఫైళ్లు బహిరంగ పత్రాలవుతాయి కాబట్టి వాటిని ఎవరైనా చూడవచ్చు.

రెండోది: అర్హత ఉందంటున్నారు, ఎప్పుడూ ఇవ్వలేదు. పర్పుల్ హార్ట్ వివాదాల్లో ఎక్కువ ఈ కోవలోవే. 1969లో వియత్నాంలో కాలికి మోర్టార్ ముక్క తగిలిన ఓ సైనికుడనుకుందాం. మెడిక్ అక్కడికక్కడే ముక్క తీసి కట్టు కట్టాడు. ఆ మెడిక్ వారం తర్వాత చనిపోయాడు. ఎక్కడా నమోదు కాలేదు. కాలి మీద మచ్చ ఉంది, ఎక్స్‌రేలో ఇనుప ముక్క కనిపిస్తోంది. కార్యాలయం 'రికార్డు లేదు' అంటుంది. ఆ మాట అబద్ధం కాదు. ఇతని మాటా అబద్ధం కాదు.

మూడోది: సిఫారసు చేశారు, దారిలో పోయింది. లేదా చేయాల్సినవాళ్లు చేయలేదు. ఇక్కడ రికార్డులో తప్పేమీ లేదు. జరగాల్సిన నిర్ణయమే జరగలేదు. దిద్దమని అడగడానికి అక్షరమే లేదు.

బోర్డు తూకం

రెండో ముడి చివరికి వెళ్లేది మిలిటరీ రికార్డుల సవరణ బోర్డుకు. ఇవి 1946 నాటి చట్టంతో పుట్టాయి. అప్పటిదాకా ఒక్కో సైనికుడి కోసం పార్లమెంటు సభ్యులు విడివిడిగా ప్రైవేటు బిల్లులు పెట్టాల్సి వచ్చేది. ఆ భారం దించుకోవడానికే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఈ పనిని సైనిక శాఖలకు అప్పగించింది. ఆర్మీకి ఒకటి, నేవీకీ మెరైన్లకూ కలిపి ఒకటి, ఎయిర్‌ఫోర్స్‌కు ఒకటి, కోస్ట్‌గార్డ్‌కు వేరేగా ఒకటి ఉన్నాయి. సభ్యులు యూనిఫాంలో ఉండరు, పౌర ఉద్యోగులే. డీడీ-149 ఫారంతో వచ్చిన అర్జీ మీద వాళ్లు చూసేది రెండు మాటలు: 'తప్పు', 'అన్యాయం'. ఈ రెండో మాటే బోర్డుకు ఉన్న బలం. కార్యాలయానికి నిబంధన దాటే అధికారం లేదు, బోర్డు మాత్రం న్యాయం పేరుతో ముందుకు వెళ్లగలదు.

తప్పు తెలిసిన మూడేళ్లలోపు అడగాలని చట్టం చెబుతుంది. న్యాయం కోసం ఆ గడువును పక్కన పెట్టవచ్చని కూడా అదే చట్టం అంటుంది. అందుకే యాభై ఏళ్ల కిందటి కేసులూ విచారణకు వస్తాయి. అయితే బోర్డు ఒక ఊహతో మొదలుపెడుతుంది: అప్పటి అధికారులు తమ పని సక్రమంగానే చేశారన్నది ఆ ఊహ. అది తప్పని చూపాల్సిన భారం అర్జీదారుడిదే. నేర విచారణలోలా సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, తక్కెడ అతని వైపు కాస్త మొగ్గితే చాలు. కిందిస్థాయి దారులన్నీ అయ్యాకే తన దగ్గరికి రమ్మంటుంది. నేరుగా బోర్డుకు వెళ్లి వెనక్కి తిరిగొచ్చిన అర్జీలకు కొదవలేదు.

మోర్టార్ ముక్క సైనికుడి తక్కెడలో ఏముంది? మచ్చ గాయానికి సాక్ష్యం, కారణానికి కాదు. ఆ రోజు ఆ ఊరి దగ్గర మోర్టార్ దాడి జరిగిందని యూనిట్ దినచర్య చూపితే కొంత బరువు పెరుగుతుంది. అప్పుడు పక్కనే ఉన్న ఇద్దరు తోటివాళ్లు ప్రమాణపత్రాలు రాస్తే మరికొంత. గాయపడిన నెలలోనే ఇంటికి రాసిన ఉత్తరం దొరికితే, నా అంచనాలో, ఇవాళ రాసిన పది వాంగ్మూలాల కంటే అదే బరువు. పతకం కావాలన్న ఆలోచన పుట్టకముందు రాసిన మాట కదా. మరోవైపు వియత్నాం నాటి క్షతగాత్రుల జాబితాలో అతని పేరు లేకపోవడం ఎదురు పళ్లెంలో కూర్చుంటుంది.

పదిలో తొమ్మిది అర్జీలను పది నెలల్లో, ఏదైనా సరే 18 నెలల్లో తేల్చాలని చట్టం గడువు పెట్టింది. కాదన్నాక కొత్త రుజువుతో మళ్లీ అడగవచ్చు. ఫెడరల్ కోర్టుకూ వెళ్లవచ్చు. కోర్టు మాత్రం పతకం ఇవ్వాలా వద్దా అన్నది చూడదు, బోర్డు అడ్డదిడ్డంగా తేల్చిందా అన్నదే చూస్తుంది.

పోయిన సిఫారసు

మూడో ముడికి వేరే తలుపుంది. 1996 నుంచి ఉన్న చట్టం ప్రకారం, గడువు దాటిన సిఫారసును పరిశీలించమని పార్లమెంటు సభ్యుడు ఆ దళాన్ని కోరవచ్చు. సభ్యుడు పతకం ఇప్పించలేడు, పరిశీలన మొదలుపెట్టించగలడు. చూసినవాళ్ల కథనం, అప్పటి అధికారి సంతకం, ప్రత్యక్షసాక్షుల మాటలు అప్పటికీ కావాల్సిందే. మెడల్ ఆఫ్ ఆనర్‌కైతే మూడేళ్లలో సిఫారసు, అయిదేళ్లలో ప్రదానం జరగాలి. అది దాటితే కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి గడువు సడలించాలి.

కెప్టెన్ పారిస్ డేవిస్ కథ ఈ ముడికి తగిన ఉదాహరణ. నల్లజాతి స్పెషల్ ఫోర్సెస్ అధికారి. 1965 జూన్‌లో వియత్నాంలోని బాంగ్ సన్ దగ్గర తానూ గాయపడి, వెనక్కి రమ్మన్నా రాకుండా తన వాళ్లను మోసుకొచ్చాడు. మెడల్ ఆఫ్ ఆనర్‌కు సిఫారసు వెళ్లింది, పోయింది. మళ్లీ పంపమన్నారు, ఆ కాగితాలూ కనిపించలేదు. సిల్వర్ స్టార్‌తో సరిపెట్టారు. 2023 మార్చి 3న, అతనికి 83 ఏళ్లప్పుడు, వైట్‌హౌస్‌లో పతకం మెడలో పడింది. జాతి వివక్షే కారణమని అతని మిత్రులు నమ్ముతారు. కాగితాలు ఎలా పోయాయో చెప్పే కాగితం మాత్రం లేదు.

ఒక్కొక్కరి కేసుగా కాకుండా గుంపుగా తిరగదోడిన సందర్భాలూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధానికి నాలుగు వందలకు పైగా మెడల్స్ ఆఫ్ ఆనర్ ఇచ్చినా అందులో నల్లజాతి సైనికుడు ఒక్కడూ లేడు. సమీక్ష జరిపి 1997లో ఏడుగురికి ఇచ్చేనాటికి వెర్నన్ బేకర్ ఒక్కరే బతికి ఉన్నారు. 2000లో 22 మంది ఆసియా మూలాల సైనికులకు ఇచ్చారు. అందులో 20 మంది జపాన్ మూలాలవారితో ఏర్పడిన 442వ రెజిమెంట్ వాళ్లు. వీళ్లలో చాలామందికి అంతకుముందే చిన్న పతకం ఉంది. అంటే వాళ్ల రికార్డులో తప్పు లేదు, తూచిన తక్కెడలోనే లోపం.

అంత పట్టింపు దేనికి?

ముసలాయన అడిగితే ఓ రిబ్బన్ ఇచ్చేస్తే పోయేదేముంది అనేవాళ్లున్నారు. రికార్డులు కాల్చుకున్నది ప్రభుత్వం, భారం సైనికుడి మీద పెట్టడం ఏం ధర్మం అన్నది వాళ్ల వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఎదుటి వాదనకూ చరిత్ర ఉంది. 1916లో ఏర్పడిన సమీక్ష బోర్డు పాత మెడల్స్ ఆఫ్ ఆనర్‌ను జల్లెడ పట్టి 911 పేర్లు కొట్టేసింది. వాటిలో 864 ఒకే రెజిమెంట్‌వి, అది మెయిన్ రాష్ట్రపు 27వ రెజిమెంట్. ఉదారంగా పంచితే ఏమవుతుందో అది చూపించింది. అదే జల్లెడలో అంతర్యుద్ధపు డాక్టర్ మేరీ వాకర్ పేరూ పోయింది. ఆమె పతకం వెనక్కి ఇవ్వనంది, 1919లో చనిపోయేదాకా పెట్టుకునే తిరిగింది. 1977లో ఆర్మీ ఆమె పేరును తిరిగి చేర్చింది. ఇప్పటికీ ఆ పతకం ఉన్న మహిళ ఆమె ఒక్కరే.

ఇక నకిలీ వీరుల బెడద ఉండనే ఉంది. తనకు మెడల్ ఆఫ్ ఆనర్ ఉందని అబద్ధం చెప్పిన అల్వారెజ్ అనే వ్యక్తి కేసులో, 2012లో సుప్రీంకోర్టు అప్పటి 2005 చట్టాన్ని కొట్టేసింది. ఉత్త అబద్ధాన్ని అలా నేరం చేయడం వాక్‌స్వేచ్ఛకు విరుద్ధమంది. 2013 చట్టం డబ్బు, లాభం కోసం చెప్పే అబద్ధానికే శిక్ష పెట్టింది. అబద్ధాన్ని పట్టుకోవడానికి ఉన్న సాధనం కూడా చివరికి ఈ రికార్డే. కాబట్టి దాన్ని సులువుగా మార్చనివ్వకూడదని రెండో పక్షం అంటుంది.

పైగా ఇది ఒట్టి గౌరవం లెక్క కాదు. పర్పుల్ హార్ట్ ఉంటే మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ప్రాధాన్యం పెరుగుతుంది, ఫెడరల్ ఉద్యోగ పరీక్షల్లో 10 పాయింట్లు కలుస్తాయి. పోరాట బ్యాడ్జి ఉంటే, యుద్ధం వల్ల కలిగిన మానసిక గాయానికి పరిహారం అడిగేటప్పుడు 'నువ్వు పోరాటంలో ఉన్నావా' అన్న ప్రశ్న చాలావరకు తీరిపోతుంది. ఒక్క ఎంట్రీ అటో ఇటో అయితే ఇన్ని కదులుతాయి.

చేతికొచ్చే కాగితం

అర్జీ నెగ్గితే కొత్త 214 వస్తుందని అందరూ ఎదురుచూస్తారు. మామూలుగా అది రాదు. డీడీ-215 అనే సవరణ పత్రం వస్తుంది. ఫలానా గడిలో ఇది తీసేసి ఇది చేర్చాలని అందులో ఉంటుంది. పాత కాగితం పాతదిగానే ఉంటుంది. పతకాలు విడిగా, పోస్టులో, పెట్టెలో వస్తాయి. ఆ 215ను 214కి పిన్ను కొట్టి దాచుకున్న ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే. ఎప్పుడో ఓ రోజు ఎవరో తొందరలో 214 ఒక్కటే జిరాక్స్ తీసి పంపిస్తే, అవతల గుమస్తా చూసేది మళ్లీ ఆ ఖాళీ 13వ గడినే.